మన్యం దారుల్లో మౌంటెన్ బైకుపై గుడారం సామాను కట్టుకునే విధానం

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే తారు రోడ్డు వరకే మీ ప్రయాణమైతే, సైకిలు వెనుక ఒక కేరియర్ బిగించి, రెండు పక్కలా సంచులు వేలాడదీసుకుని నిశ్చింతగా వెళ్లిపోవచ్చు. ఆ రోడ్డు వదిలి అనంతగిరి కొండల్లో గూడేలను కలిపే మట్టిదారుల్లోకో, తాటిపూడి జలాశయం చుట్టుపక్కల కంకర బాటల్లోకో, పాడేరు, చింతపల్లి వైపు రాళ్లు తేలిన బండిదారుల్లోకో దిగినప్పుడు మాత్రం అదే సామానుతో చిక్కులు మొదలవుతాయి. ప్రతి రాయికీ సంచి ఎగిరి పడుతుంది, కేరియర్ బోల్టులు వదులవుతాయి, మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రం ఒక పక్కకు లాగుతుంది, ఇరుకు దారిలో పక్క సంచి తుప్పలకు చిక్కుకుంటుంది.

ఈ ప్రయాణానికి సిద్ధమయ్యేవారు సాధారణంగా బరువు ఎంత తగ్గించుకోవాలా అని ఆలోచిస్తారు. తగ్గించుకోవడం మంచిదే. కాని సైకిలుకు అంటిపెట్టుకుని కదలకుండా ఉన్న 12 కిలోల సామాను కంటే అటూ ఇటూ ఊగే 7 కిలోల సామానే మట్టిదారిలో ఎక్కువ అలసట కలిగిస్తుంది, ఎక్కువసార్లు పడేస్తుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతిలో మొదటి ప్రశ్న 'ఎంత బరువు' అన్నది కాదు, 'ఆ బరువు ఎక్కడ ఉంది, కదులుతోందా లేదా' అన్నది.

ముందు సైకిలును కొలవండి

సంచులు కొనడానికి ముందే సైకిలులో ఖాళీ ఎక్కడ ఎంత ఉందో కొలిచి కాగితంపై రాసుకోవాలి. ముందు వైపు మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిల్ సైకిలు ఈ పనికి అన్నిటికంటే అనుకూలమైనది, ఎందుకంటే దాని ఫ్రేము మధ్య త్రికోణం ఖాళీగా ఉంటుంది, వెనుక చక్రం సీటుకు దగ్గరగా ఎగిరి రాదు. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిలులో వెనుక షాక్ అబ్జార్బరు ఆ త్రికోణంలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది కనుక సంచికి మిగిలే చోటు తక్కువే. అయినా మీ దగ్గర ఉన్నది అదే అయితే కొత్త సైకిలు కొనవలసిన అవసరం లేదు, సామాను కొంత తగ్గించుకుంటే చాలు.

కొలతల్లో ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది, సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు చక్రానికీ సంచికీ మధ్య మిగిలే ఖాళీ. సైకిలు ఊరికే నిలబడి ఉన్నప్పుడు హ్యాండిల్‌కూ ముందు టైరుకూ మధ్య ఎంతో చోటు కనిపిస్తుంది. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కు 100 నుంచి 120 మిల్లీమీటర్లు లోపలికి కుంగగానే ఆ చోటు మాయమవుతుంది. గాలితో పనిచేసే ఫోర్కు అయితే, ముందుగా అందులోని గాలి ఒత్తిడిని షాక్ పంపుతో చూసి రాసుకోండి. ఆ తర్వాత గాలి పూర్తిగా తీసివేసి, హ్యాండిల్‌ను కిందికి నొక్కి, ఫోర్కు అడుగంటా కుంగిన స్థితిలో హ్యాండిల్ నుంచి టైరు వరకు కొలవండి. కొలిచాక, రాసుకున్న ఒత్తిడికి మళ్లీ గాలి నింపడం మరవకండి. ఆ కొలతలోంచి కనీసం 3 సెంటీమీటర్లు తీసివేయగా మిగిలినదే మీ ముందు చుట్టకు ఉండదగిన మందం. స్ప్రింగు ఫోర్కు అయితే గాలి తీయడం కుదరదు గనుక, నిలబడి ఉన్నప్పటి ఖాళీలోంచి ఫోర్కు మొత్తం కుంగే పొడవును తీసివేస్తే సరిపోతుంది. వెనుక సస్పెన్షన్ ఉన్నవారు సీటు కింది సంచికీ వెనుక టైరుకూ మధ్య ఇదే పరీక్ష చేయాలి. దిగుడులో టైరు వెళ్లి సంచిని రాసుకుంటే గుడ్డ చిరగడంతో ఆగదు, చక్రం ఒక్కసారిగా పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

తర్వాత ఫ్రేముకు, ఫోర్కుకు ఉన్న మరల రంధ్రాలు లెక్కపెట్టండి. నీళ్ల సీసా స్టాండు బిగించే రంధ్రాలు దాదాపు ప్రతి సైకిలుకూ ఉంటాయి, కేరియర్ బిగించే రంధ్రాలు చాలా మౌంటెన్ బైకులకు ఉండవు. సీటు పోస్టు కార్బన్‌దైతే దానికి ఎలాంటి కేరియర్‌నూ బిగించకూడదు. బటన్ నొక్కితే దిగే డ్రాపర్ సీటు పోస్టు ఉంటే, నున్నగా మెరిసే పై గొట్టానికి పట్టీ కడితే గీతలు పడి లోపలి సీలు పాడవుతుంది. ఆ రకానికి చిన్న సంచి మాత్రమే కట్టాలి, పోస్టు దింపే అలవాటును ఆ ప్రయాణం వరకు కొంత తగ్గించుకోవాలి.

సామాను నేలపై పరచి తూకం వేయండి

గదిలో దుప్పటి పరిచి, తీసుకెళ్లాలనుకున్న ప్రతి వస్తువునూ దానిపై పెట్టి, వంటింటి తూకంతోనైనా సరే ఒక్కొక్కటిగా తూచండి. ఒక మనిషి రెండు రాత్రుల ప్రయాణానికి గుడారం 1.5 నుంచి 2 కిలోలు, స్లీపింగ్ బ్యాగు కిలో నుంచి కిలోన్నర, నేలపై పరచుకునే మ్యాటు అర కిలో, బట్టలు కిలోన్నర, పనిముట్లూ విడి భాగాలూ ఒక కిలో, తిండి కిలోన్నర, నీళ్లు 3 కిలోలు అనుకుంటే మొత్తం 10, 11 కిలోల దగ్గర ఆగుతుంది. ఇది మోయదగిన బరువే. దీనికి రెట్టింపు వస్తోందంటే అందులో ఇంట్లో ఉండవలసిన వస్తువులు చేరాయని అర్థం.

విశాఖవాసులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. డిసెంబరు రాత్రి నగరంలో పల్చటి దుప్పటి సరిపోతుంది కాని, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలో అది చాలదు. లంబసింగిలో శీతాకాలపు కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా వెళుతుంది. స్లీపింగ్ బ్యాగును నగరాన్ని చూసి కాక కొండను చూసి ఎంచుకోవాలి, 5 డిగ్రీల వరకు ఆదుకునేది అవసరం. చలికాలంలోనే వెళ్లాలా అంటే, అవును, నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకే ఈ దారులకు అనువైన కాలం. జూన్ నుంచి వానలకు గెడ్డలు (కొండవాగులు) పొంగుతాయి, ఎర్రమట్టి చక్రాలకు పేరుకుపోయి సైకిలు నడవదు, జలగలు పట్టుకుంటాయి. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ వద్దే తీరం దాటింది. ఆ నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా గుడారం కట్టుకుని బయలుదేరడం సాహసం అనిపించుకోదు.

గుడారానికి దోమతెర తప్పనిసరిగా ఉండాలి, మన్యంలో మలేరియా ఇంకా ఉంది. దోమతెర ఉన్న తేలికపాటి గుడారంతో పోలిస్తే బరకం కింద పడుకునే ఆలోచన, అది ఎంత తేలికైనా, నిలవదు.

వంట సామాను విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు, కాని ఈ ప్రాంతానికి పొయ్యి దాదాపు అనవసరం. అనంతగిరి, అరకు రోడ్డు వెంట బొంగులో చికెన్ అమ్మే పాకలు, టీ దుకాణాలు ఉంటాయి; లోపలి గూడేలకు దారితీసే కూడళ్లలో వారపు సంతలు జరుగుతాయి. ఒక రాత్రికి అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, అరటిపళ్లు చాలు; చిన్న ముక్కలోనే బోలెడు బలమిచ్చే మాడుగుల హల్వా ఈ పనికి పెట్టినట్టు ఉంటుంది, పైగా రెండు మూడు రోజులకు చెడిపోదు. తప్పదని గ్యాస్ పొయ్యి తీసుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. మామూలు బ్యూటేన్ సున్నాకు కొంచెం దిగువన ఆవిరి కావడం మానేస్తుంది కనుక లంబసింగి చలిలో మంట నీరసంగా వస్తుంది. గ్యాస్ డబ్బాలు, స్పిరిటు వంటి మండే వస్తువులను రైలులో తీసుకెళ్లడం నిషేధం కనుక, వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో రైలు ఎక్కే ఆలోచన ఉంటే పొయ్యిని ఇంట్లోనే వదిలేయండి. రక్షిత అడవిలో కట్టెల మంట కూడా వేయకూడదు.

ఏ వస్తువు ఎక్కడ ఉండాలి

బరువైనవి ఫ్రేము మధ్య, తేలికైనా చోటు ఎక్కువ తీసుకునేవి హ్యాండిల్ ముందు, మెత్తనివి సీటు కింద, చిన్నవీ గట్టివీ ఫోర్కు కాళ్లకు. ఈ క్రమానికి కారణం ఉంది. పెడల్ ఇరుసుకు ఎంత దగ్గరగా, ఎంత కిందుగా బరువు ఉంటే సైకిలు అంత స్థిరంగా నిలుస్తుంది. హ్యాండిల్ మీద ఉన్న ప్రతి కిలో తిప్పేటప్పుడు చేతులకు తెలుస్తుంది. సీటు వెనుక దూరంగా పొడుచుకు వచ్చిన బరువు తోకలాగా అటూ ఇటూ కొడుతుంది.

కాబట్టి ఫ్రేము త్రికోణంలో ఇమిడే సంచిలో నీళ్లు, పనిముట్లు, పంపు, విడి ట్యూబు, తిండి పెట్టండి. నీళ్లు అన్నిటికంటే బరువైన వస్తువు, లీటరుకు కిలో. రెండు, మూడు లీటర్లు పట్టే నీళ్ల తిత్తిని ఫ్రేము సంచి అడుగున పడుకోబెట్టి, గొట్టాన్ని హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకుంటే సీసాల బెడద ఉండదు. వీపు సంచిలో నీళ్లు మోసేవారున్నారు, కాని విశాఖ ఉక్కపోతలో తడిసిన వీపుపై 3 కిలోలు మోస్తూ ఘాట్ ఎక్కడం ఎవరికీ సిఫారసు చేయను. దారిలో గెడ్డల నీళ్లు పట్టుకోవాలంటే ఫిల్టరు వాడండి, లేదా కళపెళ మరిగించిన తర్వాతే తాగండి.

హ్యాండిల్ ముందు స్లీపింగ్ బ్యాగు, గుడారపు గుడ్డ ఒక చుట్టగా వెళ్తాయి. చుట్ట బరువు 3 కిలోలు దాటకుండా చూసుకోండి. గుడారపు కడ్డీలను గుడ్డతో కలిపి చుట్టకండి. మడిచినప్పుడు 40, 45 సెంటీమీటర్ల పొడవుండే కడ్డీలు చుట్ట చివరల నుంచి పొడుచుకు వచ్చి బ్రేకు కేబుళ్లను వంచుతాయి. వాటిని విడిగా గుడ్డ సంచిలో పెట్టి, ఫ్రేము పై గొట్టం కిందుగా పొడవునా కట్టేయవచ్చు. చుట్ట కట్టిన తర్వాత హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, కేబుళ్లు ఎక్కడా నలగడం లేదని, గేరు మీట వేలికి అందుతోందని, రాత్రివేళ లైటు వెలుగుకు చుట్ట అడ్డు రావడం లేదని సరిచూసుకోండి.

సీటు కింది పొడవాటి సంచిలో బట్టలు, వానకోటు పెట్టాలి. నింపే విధానమే ఇక్కడ కీలకం. సీటు పోస్టుకు ఆనుకునే ఇరుకు భాగంలో ఉన్నంతలో బరువైన బట్టలను గట్టిగా కూరి, వెనుకకు పోయేకొద్దీ తేలికైనవి పెట్టండి. మధ్యలో గాలి ఉంటే సంచి ఊగుతుంది, కాబట్టి ఒక పొర నింపగానే మోచేత్తో నొక్కి, మళ్లీ నింపండి. సంచి సగమే నిండితే దాన్ని చిన్నదిగా మడిచి కట్టాలి తప్ప ఖాళీగా వేలాడనివ్వకూడదు.

ఫోర్కు కాళ్లకు కట్టే బరువు ఒక్కో పక్కన కిలోన్నర, మహా అయితే 2 కిలోలకు మించకూడదు, రెండు పక్కలా సమానంగా ఉండాలి. రంధ్రాలు లేని సస్పెన్షన్ ఫోర్కుకు రంధ్రం చేయడం ప్రమాదకరం. కింది లావుపాటి గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టి, దానిపై స్టీలు క్లిప్పులతో సీసా స్టాండును బిగించవచ్చు. పైన మెరిసే సన్నటి గొట్టానికి ఏదీ కట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

కట్టే పద్ధతి

స్కూటర్లపై సామాను కట్టే కొక్కేల రబ్బరు తాళ్లు ఈ ప్రయాణానికి పనికిరావు. అవి సాగుతాయి కనుక ప్రతి గుంతకూ సామాను కదులుతుంది. కదిలి కదిలి ఒక కొక్కెం ఊడిందంటే అది నేరుగా చువ్వల్లో పడుతుంది. దిగుడులో చువ్వల్లో కొక్కెం పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో వలల సామాను అమ్మేచోట దొరికే నైలాన్ తాడు గట్టిదే కాని, నైలాన్ తడిస్తే సాగుతుంది, పొద్దున మంచుకు తడిసి వదులైన తాడును మీరు మళ్లీ బిగించవలసి వస్తుంది. బకిలు ఉన్న పాలిస్టరు పట్టీలు ఇంతగా సాగవు, ప్రధానమైన కట్లన్నిటికీ అవే వాడండి. డబ్బు పెట్టగలిగితే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన, పొడవునా వరుసగా రంధ్రాలున్న పట్టీలు ఇంకా మంచివి, అవి గొట్టాన్ని జారకుండా పట్టుకుంటాయి. పాత సైకిలు ట్యూబును పొడవుగా కోసిన పట్టీలకు కూడా చోటుంది, అయితే ప్రధాన కట్టుగా కాదు. గొట్టానికీ సంచికీ మధ్య జారకుండా చుట్టడానికి, పట్టీల చివరలు వేలాడకుండా అదిమి ఉంచడానికి.

ప్రతి వస్తువునూ కనీసం రెండు చోట్ల, వీలైతే వేర్వేరు దిశల్లో కట్టాలి. హ్యాండిల్ చుట్టకు రెండు పట్టీలు హ్యాండిల్ నుంచి వేసి, మూడోది ఫ్రేము ముందు గొట్టం చుట్టూ వేయండి. ఈ మూడోది లేకపోతే చుట్ట ముందుకు, కిందికి జారుతూ చివరికి టైరును తాకుతుంది. సీటు సంచికి సీటు కమ్మీల నుంచి రెండు పట్టీలు, సీటు పోస్టుకు రెండు పట్టీలు ఉండాలి. కట్టిన తర్వాత వేలాడే చివరలన్నీ మడిచి లోపలికి దోపండి.

సంచి రాసుకునే చోట రంగు పోతుందని కాక, గొట్టం అరిగిపోతుందని జాగ్రత్తపడాలి. దుమ్ము పట్టిన పట్టీ గరుకు కాగితంతో సమానం, ఎర్రమట్టి దుమ్ములో రెండు రోజుల్లో అల్యూమినియం మీద గీత తెస్తుంది. పట్టీ తగిలే ప్రతి చోటా మందపాటి పారదర్శక టేపు అతికించండి, లేదా ట్యూబు ముక్క చుట్టండి. కార్బన్ ఫ్రేముకు ఈ పని తప్పక చేయాలి.

తడవకూడని వస్తువులన్నిటికీ, సంచి నీళ్లు పట్టనిదే అయినా సరే, లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి వేయాలి. స్లీపింగ్ బ్యాగుకు రెండు వేయండి.

ఫ్రేము సంచిని కుట్టించుకోవచ్చు

కొన్న ఫ్రేము సంచులు మీ సైకిలు త్రికోణానికి సరిగ్గా సరిపోవడం అరుదు, మూలల్లో ఖాళీ మిగిలితే లోపలి సామాను కదులుతుంది. మీ పేటలో స్కూలు బ్యాగులు, సీటు కవర్లు కుట్టే దర్జీ దీన్ని చక్కగా కుట్టగలడు. అట్టపెట్టెను ఫ్రేము త్రికోణంలో ఆనించి, లోపలి అంచు వెంట పెన్సిలుతో గీసి, చుట్టూ ఒక సెంటీమీటరు లోపలికి కత్తిరించండి. ఆ అట్టను ఫ్రేములో నిలబెట్టి, సీసా రంధ్రాలు, కేబుళ్లు, వెనుక షాక్ ఉంటే అది కదిలే పరిధి గుర్తుపెట్టండి. సంచి మందం 5, 6 సెంటీమీటర్లకు మించితే పెడల్ తొక్కేటప్పుడు మోకాళ్లకు తగులుతుంది. ఈ అంకెను దర్జీకి నొక్కి చెప్పాలి, లేకపోతే 'కాస్త పెద్దదైతే ఎక్కువ పడుతుంది కదండీ' అని ఆయన ప్రేమగా 9 సెంటీమీటర్లు చేస్తాడు. గుడ్డగా రెక్సిన్ వద్దు, ఎండకు బిరుసెక్కి పగులుతుంది. మందపాటి నైలాన్ బ్యాగు గుడ్డ, పెద్ద పళ్ల జిప్పు, లోపల మధ్యలో ఒక అడ్డగుడ్డ అడగండి. జిప్పు మీదుగా గుడ్డ రెక్క ఒకటి వేయించుకుంటే దుమ్ము, వాన లోపలికి పోవు.

కేరియర్ తప్పదనుకుంటే

వారం పది రోజుల ప్రయాణానికి, లేదా ఇద్దరి గుడారం ఒకరే మోయవలసి వచ్చినప్పుడు పైన చెప్పిన సంచులు చాలవు. అప్పుడు కేరియర్ పెట్టుకోవచ్చు కాని, గట్టి ఉక్కు గొట్టాలతో చేసినది, డిస్క్ బ్రేకుకు తగలకుండా వంపు తిరిగినది చూసుకోవాలి. ఫ్రేముకు రంధ్రాలు లేకుంటే రబ్బరు పూత ఉన్న క్లిప్పులతో బిగించవచ్చు. సీటు పోస్టుకు మాత్రమే బిగించే కేరియర్లపై తయారీదారు రాసిన బరువు పరిమితి తారు రోడ్డును దృష్టిలో పెట్టుకుని రాసినదని భావించి, మట్టిదారికి అందులో సగమే వాడండి. పక్క సంచులు చిన్నవిగా, చక్రానికి దగ్గరగా, నేలకు మరీ దిగకుండా ఉండాలి. పెడల్ తొక్కుతూ మడమ సంచికి తగలడం లేదని ముందే చూసుకోండి. ప్రతి బోల్టు మరకూ నీలి రంగు మర జిగురు చుక్క వేయండి, ఎమ్5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టులు అరడజను అదనంగా పెట్టుకోండి.

బరువుకు తగ్గట్టు సైకిలును సర్దండి

సామాను కట్టిన సైకిలు నిన్నటి సైకిలు కాదు, దాని గాలి, సస్పెన్షన్, బ్రేకులు మళ్లీ సరిచేయాలి. 70 కిలోల మనిషి 2.2 అంగుళాల టైర్లలో మామూలుగా ముందు 24, వెనుక 27 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వాడుతుంటే, సామానుతో వాటికి 3, 4 పీఎస్ఐ చేర్చి తొక్కి చూడవచ్చు. చాలా తక్కువైతే రాయి తగిలి రిమ్ము దెబ్బతింటుంది, మరీ ఎక్కువైతే కంకరపై పట్టు పోతుంది. సామాను కట్టి, మీరు సీటుపై కూర్చుని, ఫోర్కు ఎంత కుంగుతోందో దాని మీది రబ్బరు రింగుతో చూడండి. మొత్తం కదలికలో నాలుగో వంతుకు మించి కుంగితే గాలి పెంచండి. తిరిగి లేచే వేగాన్ని ఒకటి రెండు క్లిక్కులు తగ్గిస్తే, బరువైన హ్యాండిల్ ఎగిరెగిరి పడదు.

గేర్లలో అతి చిన్నది సరిపోతుందో లేదో విశాఖలో ఉన్నప్పుడే తేల్చుకోండి. ముందు పళ్లచక్రం 32, వెనుక పెద్దది 51 ఉంటే అనంతగిరి ఘాట్ ఎక్కవచ్చు. వెనుక 36 మాత్రమే ఉంటే ముందు 22, 24 పళ్ల చిన్న చక్రం అవసరమవుతుంది.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. సామానుతో ఘాట్ దిగేటప్పుడు మీట పట్టుకుని కిందిదాకా లాగుతూ ఉంటే డిస్కు వేడెక్కి పట్టు సడలుతుంది. కొంత దూరం వదిలేసి, మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మళ్లీ వదిలేయాలి, రెండు బ్రేకులనూ వాడాలి. ప్యాడు మీది పదార్థం 1 మిల్లీమీటరుకు వచ్చిందంటే బయలుదేరే ముందే మార్చండి, ఒక జత సంచిలో పెట్టుకోండి. మౌంటెన్ బైకు ప్యాడ్లు శృంగవరపుకోట దాటాక దొరుకుతాయని ఆశించవద్దు.

బయలుదేరే ముందు పరీక్ష

మొత్తం సామాను కట్టి, సైకిలును ముందు చక్రం మీద, తర్వాత వెనుక చక్రం మీద కొద్దిపాటి ఎత్తు నుంచి వదిలి చూడండి. ఎక్కడ చప్పుడు వచ్చిందో అక్కడ కట్టు సరిగా లేదని అర్థం. ఇక తొక్కి చూడడానికి విశాఖలోనే చోట్లున్నాయి. సింహాచలం గిరిప్రదక్షిణ చేసే సుమారు 32 కిలోమీటర్ల దారిని సామానుతో తెల్లవారుజామున చుట్టి వస్తే కూర్చునే తీరు, గేర్లు, బ్రేకులు తెలిసిపోతాయి. కట్లు తెలియాలంటే మాత్రం తారు చాలదు, భీమిలి వైపు సరుగుడు, జీడిమామిడి తోటల మధ్య మట్టిబాటలు మేలు. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం సైకిలు ఎక్కించకండి. అది కాపాడుకోవలసిన భూవారసత్వ ప్రాంతం, చక్రాల గాడి వెంట వాననీరు దిగి దిబ్బలను కోసేస్తుంది. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, అక్కడ చిరుతలున్నాయి, అటవీ శాఖ అనుమతించిన బాటలు దాటి వెళ్లకూడదు.

ఎడ్లబండిపై గడ్డి కట్టేవారు కొంతదూరం పోయాక ఒకసారి ఆగి మోకు బిగించుకుంటారు. మీరూ అలాగే మొదటి అరగంట తర్వాత ఆగి, అన్ని పట్టీలూ బిగించండి. సామాను ఆ అరగంటలో సర్దుకుని కొంత వదులవుతుంది. ఏ పట్టీ పదే పదే వదులవుతోందో చూసి ఆ కట్టును మార్చండి, ప్రతిసారీ బిగిస్తూ కూర్చోవద్దు.

దారిలో గుర్తుంచుకోవలసినవి

ఎక్కుడు తప్పించుకోవాలనుకునేవారు విశాఖ, కిరండూల్ పాసింజరులో అరకు దాకా వెళ్లి, అక్కడి నుంచి తొక్కుకుంటూ దిగవచ్చు. సైకిలును పార్సిల్ కార్యాలయంలో ముందుగా అడిగి బుక్ చేయించాలి, సంచులు విప్పి మీతో ఉంచుకోవాలి. అందుకే సంచులన్నీ కలిపి ఒకే పట్టీతో పట్టుకునేలా ఏర్పాటు ఉంటే మంచిది.

మన్యం ఘాట్ రోడ్లపై గంజాయి రవాణాను అరికట్టడానికి చెక్‌పోస్టుల్లో సంచులు తెరిపించి చూడడం మామూలు. ఆ సమయంలో గుడారం చుట్ట విప్పి, మళ్లీ కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టేలా ఉండకూడదు. మూతి మడిచి మూసే సంచులు ఇక్కడ అక్కరకొస్తాయి, కట్టు కదపకుండా మూతి తెరిచి చూపించవచ్చు. గుర్తింపు కార్డు పై గొట్టం మీది చిన్న సంచిలో ఉంచుకోండి.

రాత్రి బసకు రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి కావాలి. గూడెం దగ్గరైతే పెద్దను అడిగి, ఆయన చూపిన చోటే గుడారం వేయండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కనిపించే కాఫీ తోటలు ఖాళీ అడవి కావు, అవి ఒకరి జీవనాధారం. గెడ్డ ఒడ్డున ఇసుక ఎంత మెత్తగా కనిపించినా అక్కడ పడుకోకండి, ఎగువన వాన పడితే మీకు తెలియకుండానే నీరు వస్తుంది.

ప్రతి సాయంత్రం గుడారం వేయకముందే, వెలుతురు ఉండగా, కేరియర్, సీసా స్టాండ్ల బోల్టులు, సీటు బోల్టు, చువ్వల బిగువు, టైర్ల పక్కలు చేత్తో తడిమి చూడండి. దుమ్ముకొట్టుకుపోయిన చైనును గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె వేయండి. ఇంటికి చేరాక సంచులన్నీ విప్పి, పట్టీలను మంచినీళ్లలో ముంచి ఉతికి, నీడన ఆరబెట్టండి. గుడారాన్ని తడిగా చుట్టి అటక మీద పెడితే విశాఖ చెమ్మకు వారంలో బూజు పడుతుంది. బోల్టులు, చైను మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె రాయండి. ముఖ్యంగా చివరి మజిలీ బీచ్ రోడ్డు మీదుగా తొక్కి ఉంటే ఆ పని మర్నాటికి వాయిదా వేయకండి.